కర్త లేని వాక్యం: ఒక యువ రచయితకు లేఖ

మిత్రులకు,

నగరాలు తమ సొంత బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్‌లను ప్రైవేటు సంస్థలకు అమ్మివేయవచ్చునా అన్న మీ వ్యాసం అందింది. తీరిక చూసుకుని నాలుగు మంచి మాటలు రాద్దామనుకున్నాను గాని, మూడవ పేజీలోని ఒక వాక్యం ఆ పని చేయనివ్వలేదు. "2013లో ప్రోవో నగర నెట్‌వర్క్ ఒక్క డాలరుకు విక్రయించబడింది, దానితో నగరంపై భారం తొలగించబడింది" అని రాశారు. ఇందులో క్రియలు రెండు ఉన్నాయి, కర్త ఒక్కడూ లేడు. పైగా రెండవ సగం నిజం కాదు.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఆ నగరం దాదాపు 3 కోట్ల 90 లక్షల డాలర్ల బాండ్లు జారీ చేసి ఫైబర్, అంటే ఇంటర్నెట్‌ను మోసే గాజు పోగుల తీగ, వేసింది. నగరాలు చందాదారులకు నేరుగా సేవలు అమ్మడంపై రాష్ట్ర చట్టం 2001లోనే ఆంక్షలు పెట్టినందువల్ల, తీగ తాను వేసి, చందాదారులను ఇతర సంస్థలకు వదిలిపెట్టింది. వచ్చిన ఆదాయం అప్పుకు చాలలేదు. 2008లో ఒక ప్రైవేటు సంస్థకు అమ్మితే, ఆ ఏర్పాటు నిలవక నెట్‌వర్క్ మళ్లీ నగరం చేతికే వచ్చిపడింది. చివరికి 2013లో గూగుల్‌కు ఒక డాలరుకు ఇచ్చింది నగర పాలకవర్గమే. ఆస్తి వెళ్లింది, అప్పు మిగిలింది. ఆ బాండ్ల కోసం ఇంటింటి బిల్లులో అంతకుముందే చేర్చిన నెలకు 5.35 డాలర్ల రుసుము అమ్మకం తర్వాత కూడా ఆగలేదు. అన్నిటికన్నా నన్ను ఆపిన సంగతి మరొకటి ఉంది. తీగలు భూమిలో ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే సరైన పటాలు నగరం దగ్గర లేకపోయాయి. వాటి జాడ తేల్చే ఇంజనీర్ల కోసం దాదాపు 5 లక్షల డాలర్లు కేటాయించవలసివచ్చింది. డాలరుకు పోయిన వస్తువు ఎక్కడుందో వెతకడానికి 5 లక్షలు! మీ వ్యాసంలో ఇది లేదు. ఉండి ఉంటే "తొలగించబడింది" అన్న మాట మీ కలం దాటి బయటికి వచ్చేది కాదు.

ఈ "బడు" ధాతువు మీద నాకున్న పగ పాతది, దాచుకోను. ఇంట్లో కుండ పగిలితే "కుండ పగలగొట్టబడింది" అని మనలో ఎవరమూ అనము, ఎవరు పగలగొట్టారని అడుగుతాము. ప్రభుత్వ ప్రకటనలకు, కంపెనీల కరపత్రాలకు మాత్రం ఈ ప్రయోగం ప్రాణం, ఎందుకంటే తప్పించుకోవడానికి ఇంత అనువైన వ్యాకరణం మరొకటి లేదు. ప్రజల ఆస్తి చేతులు మారే సంగతి రాసేవారు ప్రతి వాక్యంలోనూ అమ్మినవారిని, కొన్నవారిని, అప్పు తీర్చేవారిని పేరుపెట్టి నిలబెట్టాలి. అలా నిలబెట్టడం మొదలుపెట్టిన మరుక్షణం మీ వ్యాసంలోని సగం వాదనలు వాటంతటవే కూలిపోతాయి. మిగిలిన సగం గట్టిపడతాయి.

నేను మీ వయసులో ఉన్నప్పుడు ఒక ప్రజా సంస్థ ఆస్తుల అమ్మకం గురించి రాయాలని ఒక కార్యాలయం చుట్టూ ఏడుసార్లు తిరిగాను. ఏడవసారి అక్కడి గుమాస్తా జాలిపడి ఒప్పందాన్ని చూడనిచ్చాడు గాని, కాగితం మీద ఎక్కించుకోవడానికి వీల్లేదన్నాడు. ఒక్కొక్క నిబంధనే కంఠస్థం చేసి, మెట్ల మీదికి వచ్చి రాసుకుని, మళ్లీ లోపలికి వెళ్లాను. చివరి అనుబంధంలో, స్తంభాలూ గొట్టాలూ కొనుగోలుదారుకు చెందుతాయనీ, వాటి కోసం తవ్విన రోడ్లను పూడ్చే ఖర్చు మాత్రం జనానిదేననీ ఉంది. ఆ పేరా కోసమే వ్యాసం మొత్తం రాశాను. సంపాదకుడు సరిగ్గా ఆ పేరానే ఎర్ర సిరాతో కొట్టేసి, పాఠకులకు అంకెలు రుచించవన్నాడు. ఆయన వారసులు ఇప్పుడు అంకెలను ఉండనిస్తున్నారు గాని, అటు రెండు పేరాలు, ఇటు రెండు పేరాలు తూకం వేసి పంపమంటున్నారు. మీరూ ఆ తూకానికే లొంగిపోయారు. "ఇరువైపులా బలమైన వాదనలున్నాయి" అన్న మీ ముగింపు చదివి, ఇందుకోసమా పదకొండు పేజీలు అనుకున్నాను.

అసలు మీరు వ్యాసమంతటా "నెట్‌వర్క్" అని ఒకే మాట వాడారు. భూమిలోని గొట్టాలూ, వాటిలోని గాజు పోగులూ ఒక వస్తువు. రెండు చివరలా కాంతిని పుట్టించే యంత్రాలు మరొకటి. చందా కట్టించుకుని ఫిర్యాదు వినే సేవ ఇంకొకటి. మొదటిదానికి పెట్టుబడిలో పెద్ద భాగం తవ్వకాలకే పోతుంది, కాని ఒకసారి వేస్తే దశాబ్దాలు నిలుస్తుంది. యంత్రాలు త్వరగా పాతబడతాయి. సేవను నడపడం రోజువారీ వ్యాపారం, అందులో నగరాలు తడబడితే ఆశ్చర్యం లేదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ 1994లో స్టోకాబ్ అనే సంస్థను స్థాపించి, వెలగని ఫైబర్, అంటే కాంతి యంత్రాలు బిగించని గాజు పోగులు, మాత్రం వేసి, అందరు ఆపరేటర్లకూ అద్దెకిస్తూ వచ్చింది. వెలిగించుకునేది వాళ్లే, పోటీపడేదీ వాళ్లే. ప్రైవేటు సంస్థలకు చోటివ్వడానికి గాజును అమ్ముకోనక్కర లేదని అంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, చాటనూగ నగరానికి చెందిన విద్యుత్ సంస్థ ఈపీబీ, బాండ్ల అప్పుకు 11 కోట్ల 15 లక్షల డాలర్ల కేంద్ర గ్రాంటును జతచేసుకుని, 2010లోనే సెకనుకు 1 గిగాబిట్ వేగాన్ని తన పరిధిలోని ఇళ్లకు అందుబాటులోకి తెచ్చింది. కరెంటు లైన్ల మీది ఆటోమేటిక్ స్విచ్‌లు కూడా ఆ ఫైబర్ మీదే మాట్లాడుకుంటాయి. చెట్టు కూలి లైను తెగితే, చెడిన భాగాన్ని వేరుచేసి తక్కిన వీధులకు కరెంటును మళ్లిస్తాయి. అటువంటి ఫైబర్‌కు వెల కట్టే ఆడిటర్ చందాల సొమ్ము లెక్కవేస్తాడు సరే, ఆరిపోకుండా నిలిచిన దీపాలను ఏ పద్దులో రాస్తాడు? పొరుగు ఊళ్లకు విస్తరించాలని ఆ సంస్థ కోరినప్పుడు రాష్ట్ర చట్టం అడ్డువచ్చింది. 2015లో కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ ఆ అడ్డు తొలగిస్తే, 2016లో అప్పీలు కోర్టు కమిషన్ ఉత్తర్వును కొట్టివేసింది. కాళ్లు కట్టి పరుగెత్తమన్న తర్వాత ఓడిపోయాడని వ్యాసం రాయకూడదు.

అలాగని నగరాల పక్షాన వకాల్తా పుచ్చుకోమనడం లేదు. అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్‌టన్ నగరం తన టెలికాం సంస్థ కోసం నగర ఉమ్మడి ఖజానా నుంచి దాదాపు 1 కోటి 70 లక్షల డాలర్లు వాడేసింది. సిటీబ్యాంకు తన బాకీ కోసం నగరంపై 3 కోట్ల 30 లక్షల డాలర్లకు దావా వేసింది. 2019లో ఆ టెలికాం సంస్థ అమ్మకం పూర్తయింది. ఆ డబ్బును ఖజానా నుంచి తీసింది సొంత పాలకులే, ఏ ప్రైవేటు సంస్థా కాదు. అది కూడా కర్త పేరుతోనే రాయండి. నా తీర్పు అడిగితే, అప్పు మెడమీదికి వచ్చిన నగరం సేవను వేరొకరికి గడువుతో అప్పగించవచ్చు, యంత్రాలను కూడా ఇవ్వవచ్చు; గొట్టాలనూ గాజునూ అమ్మకూడదు, ఎందుకంటే కొన్నవాడు రేపు మరొకడికి అమ్ముకుంటే అదే వీధిని మళ్లీ తవ్వే స్తోమత ఆ నగరానికి ఉండదు.

గాజు పోగును ఆల్కహాల్‌తో తుడిచి, నిక్కచ్చిగా కోసి, రెండు కొసలనూ విద్యుత్ మెరుపుతో అతికించే పనివాడి పేరా బాగుంది. దాన్ని ముట్టుకోవద్దు. కలం పేరు గురించి, పత్రికల గురించి మీరడిగిన ప్రశ్నలను ఈసారికి వదిలేస్తున్నాను.

సవరించిన ప్రతితో పాటు, మీరు సేకరించిన అమ్మకపు ఒప్పందాలు ఏమైనా ఉంటే జతచేయండి. అనుబంధాలను చింపకుండా పంపండి. మొన్ననే కళ్లద్దాలు మార్చాను, ఎంత చిన్న అక్షరాలైనా చదవగలను.

ఆశీస్సులతో.