పనిముట్ల పెట్టె: స్లాట్ కారుకి ముందు ఏం కొనాలి?

ప్రశ్న: మాస్టారూ, మా తమ్ముడు లండన్ నుంచి వస్తూ మా అబ్బాయికి స్లాట్ కార్ల సెట్టు, అంటే గాడి ఉన్న ట్రాక్ మీద కరెంటుతో పరుగెత్తే బొమ్మకార్లు తెచ్చాడు. కారు మలుపు దగ్గర ఎగిరి పడుతోంది, వెనక చక్రాల దగ్గర గరగరమంటోంది. విప్పి తనే బాగుచేస్తానంటాడు. పనిముట్ల కిట్టు ఒకటి తెప్పించమంటారా? వాడికి పదమూడేళ్లు.
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, కిట్టు వద్దు. విప్పుతానన్న పిల్లవాణ్ణి మాత్రం ఆపకండి.

ఈ కారుకి స్టీరింగు ఉండదు. ముందు భాగం కింద ఉండే గైడ్ అనే రెక్క ట్రాక్ గాడిలోకి దిగుతుంది. దానికున్న రెండు రాగి అల్లికలు గాడికి అటూ ఇటూ ఉన్న పట్టాలను రాసుకుంటూ మోటారుకి కరెంటు అందిస్తాయి. 1957లో బ్రిటన్‌లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో ఇలాంటి కార్లను అమ్మకానికి తెచ్చినప్పటి నుంచీ ట్రాక్ నుంచే కరెంటు తీసుకోవడం ఉంది. కాబట్టి గైడ్ గాడిలో నిండుగా కూర్చోవాలి, నాలుగు చక్రాలూ సమంగా ఆనాలి. ఇవి కుదరకుండా స్పీడు మోటారు కొనడం డబ్బు దండగ.

అందుకే నా లెక్కలో మొదటి పనిముట్టు చదునైన రాయి. ఒంగోలులో నా బల్ల మీదున్నది చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్క. పాలిష్ చేసే చోట ఇలాంటి ముక్కలు పక్కన పడేసి ఉంటాయి. జానెడు ముక్క అడిగి, గైడ్ దిగేంత గాడి ఒకటి బ్లేడుతో కోయించండి. కారును దాని మీద పెట్టి ఒక్కో చక్రం కిందికీ కాగితం ముక్క దూర్చమనండి. కాగితం సులువుగా జారిపోయిందంటే ఆ చక్రం గాలిలో ఉన్నట్టు. కారణం చాలాసార్లు ప్లాస్టిక్ ఛాసిస్ (కారు అడుగు చట్రం) వంకర పోవడమే. మోటారు, ఇరుసులు తీసేసి, ఛాసిస్‌ను రాయికి అదిమి కట్టి, వేడినీళ్లు పోసి, పూర్తిగా చల్లారేదాకా కదపకుండా ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. వేడినీళ్లు మీరే పోయండి.

రెండోది, మంచి చిన్న స్టార్ స్క్రూడ్రైవర్. కొన మెత్తనిదైతే స్క్రూ తల అరిగిపోతుంది, ఆపైన అది ఊడిరాదు. ఇక్కడ మాత్రం చవకది వద్దు. బాడీ స్క్రూలను పూర్తిగా బిగించి, మళ్లీ అర చుట్టు వదలమనండి. బాడీ కొద్దిగా కదులుతుంటే మలుపులో కారు అదురు తగ్గుతుంది.

గరగర గురించి. వెనక ఇరుసును పక్కలకు కదిపి చూడండి. కాగితం మందమంత కదలిక ఉంటే సరే. అంతకన్నా ఎక్కువుంటే ఇరుసు మీది పళ్లచక్రం పక్కకు జరిగి పినియన్‌తో, అంటే మోటారు కొనకున్న చిన్న పళ్లచక్రంతో సరిగా కలవదు. పినియన్ మార్చాల్సి వస్తే సుత్తితో కొట్టనివ్వకండి, మోటారు వెనకవైపు ప్లాస్టిక్ మూత పగులుతుంది. దాన్ని లాగి తీసే పినియన్ పుల్లర్ అని చిన్న పనిముట్టు దొరుకుతుంది, అప్పుడు కొనొచ్చు.

టైర్లకు ఉప్పుకాగితం చాలు. 220 నంబరు కాగితాన్ని రాయికి అంటించి, మోటారు నెమ్మదిగా తిరుగుతుండగా వెనక టైర్లను తేలిగ్గా ఆనించాలి. తర్వాత 400 నంబరుతో నునుపు చేయాలి. టైరు అంచు నుంచి అంచు దాకా ఒకే రంగులోకి వచ్చిందంటే సమంగా అరిగినట్టు. ఇది రబ్బరు టైర్లకే, సిలికాన్ వాటికి పనిచేయదు.

అలెన్ కీలు (ఆరు పలకల రంధ్రమున్న స్క్రూలను తిప్పే కడ్డీలు) ఇప్పుడే అక్కర్లేదు. సెట్టులో వచ్చే కార్ల చక్రాలు సాధారణంగా ఇరుసుకి నొక్కి ఎక్కించినవే. రేపు విడి చక్రాలు కొన్నప్పుడు వాటికి గ్రబ్ స్క్రూలు, అంటే చక్రాన్ని ఇరుసుకి బిగించే తల లేని చిన్న స్క్రూలుంటాయి. ఎం2 (2 మిల్లీమీటర్ల మందం) స్క్రూకి 0.9 మిల్లీమీటర్ల కీ, ఎం2.5కి 1.3. కొన్నింటికి అంగుళాల కొలత, 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు. చూపుకి 1.3 మిల్లీమీటర్లకూ దీనికీ తేడా తెలియదు, కానీ ఒకదాని కీ ఇంకోదానికి వాడితే రంధ్రం పాడవుతుంది.

గైడ్ గాడిలోంచి లేవకుండా బరువు కావాలంటే వలలకు కట్టే సీసం గుళ్లు తెచ్చి రేకుగా కొట్టి, గైడ్ వెనకాల అంటించండి. సీసం పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. వాడు మరిచిపోతే మీరు గుర్తుచేయండి.

ప్రశ్న: మాది సింగరాయకొండ. సముద్రపు గాలికి ట్రాక్ పట్టాలు తుప్పు పడుతున్నాయి. ఉప్పుకాగితంతో రుద్దవచ్చా?

జవాబు: రుద్దకండి బాబూ, పైపూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. పెన్సిల్ చెరిపే రబ్బరుతో తుడవండి. తర్వాత బట్టకు ఒక్క చుక్క మిషను నూనె రాసి పట్టాల మీద లాగి, మరో పొడి బట్టతో గట్టిగా తుడిచేయండి. నూనె మిగిలితే టైర్లు జారతాయి. అయినా ట్రాక్ చివర కారు మందగిస్తుంటే మల్టీమీటరుతో పవర్ ఇచ్చే చోట ఒకసారి, దూరపు మలుపులో ఒకసారి వోల్టేజీ చూడండి, రెండుచోట్లా కారు తిరుగుతుండగానే. దూరాన బాగా పడిపోతే ఒక్కో అతుకూ దాటుతూ కొలవండి. ఏ అతుకు దగ్గర తగ్గిందో దాన్ని విప్పి శుభ్రం చేసి బిగించండి.