చెరువు కట్ట వెనక చెమ్మ: ఎప్పుడు కంగారు పడాలి?

బెంగళూరులో చెరువు కట్ట పక్కనే ఫ్లాట్ తీసుకున్నామని, వానలు పడ్డాక కట్ట వెనక అడుగున నేల చిత్తడిగా ఉంటోందని, ప్రమాదమేమోనని అడిగారు. మాదీ ఏడేళ్లుగా అదే పరిస్థితి. పైగా మా తాత అనంతపురం జిల్లాలో ఊరి చెరువుకు నీరుగంటి, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషి. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

చిత్తడి కనబడగానే టెన్షన్ పడకండి. మట్టికట్ట అన్నాక కొంత ఊట ఉంటుంది. చూడాల్సింది నీటి రంగు. తేటగా, ఎప్పుడూ ఒకే మోతాదులో వస్తుంటే ఫర్వాలేదు. ఊట ఉన్నట్టుండి పెరిగినా, బురదగా వచ్చినా ఊరుకోకూడదు. బురద వస్తోందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. వెనక మొదలైన చిన్న రంధ్రం నీళ్ల వైపుకు తొలుచుకుంటూ పోతుంది. మా ఊళ్లో దాన్ని బుంగ అంటారు. బుంగ గండి కావడానికి కొన్ని గంటలు చాలు.

2022 సెప్టెంబర్ వానలప్పుడు మా కట్ట వెనక, పాత తూము (చెరువు నీళ్లు బయటికి వదిలే దారి) పక్కన, చిటికెన వేలంత ధార టీ రంగులో రావడం చూశాను. ఒక సీసాలో పట్టి రాత్రంతా వంటింటి గట్టు మీద పెట్టాను. తెల్లారేసరికి అడుగున అర అంగుళం ఎర్రమట్టి పేరుకుంది. అప్పటిదాకా ఫోన్లో "చూస్తాం సార్" అన్న అధికారులు, ఆ సీసా తీసుకెళ్లి చూపించాక మధ్యాహ్నానికే వచ్చారు. మా అపార్ట్‌మెంట్ వాళ్లు అప్పటికే సిమెంటుతో పూడ్చేద్దామని తయారుగా ఉన్నారు. ఇంజినీరు ఆపారు: ఇక్కడ మూస్తే నీళ్లు ఇంకో చోట దారి చేసుకుంటాయట. ధార చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, మధ్యలో ఇసుక, కంకర పోశారు. నీళ్లు వస్తూనే ఉన్నాయి, మట్టి మాత్రం ఆగింది. వానలు తగ్గాక తూము బాగుచేశారు.

తూము దగ్గరే ఎందుకంటే, రాతికీ మట్టికీ మధ్య కాలక్రమేణా సందు పడుతుంది. పెద్ద చెట్ల వేర్లు చచ్చి కుళ్లిన చోట, పందికొక్కుల బొరియల చోట కూడా అంతే. వాకింగ్ ట్రాక్ పక్కన నీడకని కట్ట మీద రావిచెట్లు నాటుతామంటే ఒప్పుకోకండి.

ఊట కంటే నాకు ఎక్కువ భయం అలుగు గురించి, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే చోటు. నీళ్లు కట్ట మీదుగా పొర్లితే మట్టికట్ట నిలవదు. కొన్నిచోట్ల బోటింగుకు నీళ్లు నిండుగా ఉండాలని అలుగు ఎత్తు పెంచుతారు, చేపలు పోకుండా వల కడతారు. ఆ వలకు ప్లాస్టిక్, గుర్రపుడెక్క అడ్డుపడితే అలుగు మూసుకుపోయినట్టే. పూర్వం చెరువులు ఎండాకాలం ఎండిపోయేవి, కట్టను లోపలి వైపు నుంచి కూడా చూసి బాగుచేసుకునేవారు. ఇప్పుడు ఇక్కడ చాలా చెరువుల్లోకి ఏడాది పొడవునా మురుగునీరో, శుద్ధి చేసిన నీరో వస్తూనే ఉంటుంది. కట్ట లోపలి వాలు బయటపడేదే లేదు. 2019 నవంబర్‌లో హుళిమావు చెరువు కట్ట తెగి వందల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆ రోజు నుంచీ మా ఆవిడ వానాకాలంలో కాగితాలన్నీ పై అరలోనే పెడుతుంది.

ఈ ఆదివారం కట్ట పైన కాకుండా వెనక అడుగున నడవండి. చెమ్మ ఉన్న చోట ఒక పుల్ల గుచ్చి, తేదీతో ఫొటో తీసుకోండి. అదే చోట వారం వారం చూడండి. నీళ్లు మసకగా అనిపిస్తే సీసాలో పట్టి పెట్టి, పొద్దున్నే అడుగు చూడండి.