అన్నీ ‘ఓకే’ అయితే ఎవరూ చూడలేదనే!

ప్రశ్న: నాగోల్‌లో మాకు 800 మంది పట్టే ఫంక్షన్ హాలు ఉంది. ఫైర్ రిజిస్టరులో నెలనెలా ‘ఓకే’ అని రాసి సంతకం పెడుతున్నాం. తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని తిరగేసి పక్కన పెట్టేశారు. ఇంకేం రాయాలి? సీసీ కెమెరాల రికార్డింగు ఎన్నాళ్లు ఉంచాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఏడాది పొడవునా ఒక్క బ్యాటరీ పోలేదు, ఒక్క సీలు తెగలేదు అంటే ఎవరు నమ్ముతారండీ? ఏం చూశారో, కొలత ఎంత వచ్చిందో రాయండి. పాడైంది ఏదైనా ఉంటే, దాని ఎదురుగా బాగుచేయించిన తేదీ కూడా పడాలి.

ప్రతి ఫైర్ సిలిండరు మీదా పెయింటుతో నంబరు వేయించండి. ఏబీసీ పౌడరుదైతే (మంటలార్పే పొడి ఉన్నది) గేజి ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందా, పిన్ను, సీలు ఉన్నాయా, గొట్టం బీటలు వారిందా చూడాలి. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) సిలిండరుకు గేజి ఉండదు, తూకమే దిక్కు. ఖాళీ బరువు దానిమీదే కొట్టి ఉంటుంది, తూకంలోంచి అది తీసేస్తే మిగిలేదే గ్యాసు. 4.5 కిలోల గ్యాసులో 450 గ్రాములు, అంటే పదో వంతు, తగ్గిందంటే నింపించాల్సిందే. ఆ గడిలో కిలోలు రాయాలి, ‘ఓకే’ కాదు.

ఎమర్జెన్సీ లైటు టెస్ట్ బటన్ నొక్కితే వెలిగిందని సంబరపడకండి. నీరసించిన బ్యాటరీ కూడా నిమిషంపాటు వెలిగిస్తుంది. ఆ లైన్‌కు కరెంటు ఆపే స్విచ్చు (ఎంసీబీ) దించి, వెలిగిన టైము, ఆరిన టైము రెండూ రాయండి. మంటలార్పే నీళ్ల పంపు ప్యానెల్ ‘ఆటో’లోనే ఉందా? సర్వీసుకు వచ్చినవాళ్లు ‘మాన్యువల్’లో వదిలేసి పోవడం మామూలే.

మీలాంటి హాళ్లకు అసలు గండం తలుపులతోనే. పొద్దున బార్లా తెరిచిన తలుపుకు సాయంత్రానికి డెకరేషన్ వాళ్లు పూల తెర కట్టేస్తారు, క్యాటరింగ్ వాళ్లు గిన్నెలు పేర్చేస్తారు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు మంటల్లో 59 మంది పోయారు. బాల్కనీలో అదనంగా వేసిన సీట్లు బయటికి దారి మూసేశాయి. కాబట్టి నెలకోసారి కాదు, ప్రతి ఫంక్షన్‌కూ జనం రావడానికి గంట ముందు ఒక్కో తలుపూ లోపలినుంచి తోసి చూసి, టైము వేసి, చూసినవారే సంతకం చేయాలి.

ఇక కెమెరాలు. 2013 నాటి ప్రజా భద్రతా చర్యల చట్టం ప్రకారం రికార్డింగు 30 రోజులు ఉండాలి. కెమెరాలు పెంచి పాత హార్డ్ డిస్కే ఉంచితే గడువుకు ముందే చెరిగిపోతుంది. నెలకోసారి 30 రోజుల కిందటి తేదీ తెరిచి చూడండి. రికార్డింగు పెట్టె (డీవీఆర్) గడియారం ఎన్ని నిమిషాలు తప్పిందో కూడా రాయండి.

వైట్‌నర్ వాడొద్దు, తప్పు పడితే ఒక్క గీత కొట్టి పొట్టి సంతకం చేయండి. వారానికోసారి పేజీల ఫొటోలు తీసి బయట ఉంచుకోండి, మీ ఆఫీసు గది కూడా ఆ హాల్లోనే ఉంటుంది కదా.