ఆగస్టు దాకా ఆగమంటే ఆగాను, మీరు ఆగకండి

"మా అమ్మాయి అమెరికాలో లా మొదటి ఏడాది చదువుతోంది. పెద్ద లా ఫర్మ్‌లలో సమ్మర్ జాబ్‌కి ఎప్పుడు, ఎలా అప్లై చెయ్యాలి?" అని అడిగారు కదండీ. ఎప్పుడు అంటే ఇవాళే. ఎలా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

నేను పదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, గ్రీన్‌కార్డ్ వచ్చాక 2021లో లా స్కూల్లో చేరాను. (ఇంజనీరింగ్ చదివి నల్లకోటేమిటే అని మా బాబాయ్ ఇప్పటికీ ఫోన్‌లో దెప్పుతాడు. ఇక్కడ లాయర్లకి నల్లకోటు లేదు బాబాయ్ అన్నా వినడు.) మొదటి ఏడాది అయిపోయింది. "ఆగస్టులో ఫర్మ్‌లన్నీ మన విద్యార్థుల్నే ఇంటర్వ్యూ చేస్తాయి, కంగారు పడకండి" అని మా కెరీర్ ఆఫీసు వాళ్లు చెప్పారు. బుద్ధిగా కూర్చున్నాను. జులై మొదటి వారంలో మా స్టడీ గ్రూప్ అమ్మాయి "ఆఫర్ వచ్చింది, ఒప్పేసుకున్నా" అని మెసేజ్ పెట్టింది. ఆ ఫర్మ్ నా లిస్టులో రెండోది. వెబ్‌సైట్ తెరిస్తే అప్లికేషన్లు మూసేశామని ఉంది. జీతాలు తీసుకునే ఆఫీసు వాళ్లకి తెలియనిది ఆ పిల్లకెలా తెలిసిందో!

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, విద్యార్థుల్ని ఎప్పుడు పిలవాలి, ఆఫర్ ఎన్నాళ్లు తెరిచి ఉంచాలి అని నాల్ప్ అనే సంస్థ కట్టుబాట్లు పెట్టేది. 2018 డిసెంబరులో వాటిని ఎత్తేసింది. ఇక ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లదే. రెండో ఏడాది అయ్యాక చేసే పదివారాల పనికి, మొదటి ఏడాది రెండో సెమిస్టర్ మార్కులు రాకముందే అప్లికేషన్లు తీసుకునే ఫర్మ్‌లున్నాయి ఇప్పుడు. అంటే డిసెంబరు పరీక్షల మార్కులే మీ అమ్మాయి జాతకం. అన్యాయమే. కానీ 2024 నుంచి అతిపెద్ద ఫర్మ్‌లు కొత్త లాయర్‌కి ఏడాదికి 2,25,000 డాలర్లిస్తున్నాయి, సమ్మర్ వాళ్లకీ అదే లెక్కన వారానికి 4,300 పైచిలుకు. పైగా ఆ సమ్మర్ చేసినవాళ్లలో చాలామందికి చదువయ్యాక ఉద్యోగం అక్కడే. తోసుకోవడం మామూలే.

ఆ రాత్రే కూర్చుని ఒక్కో ఫర్మ్ వెబ్‌సైట్‌లో నేరుగా అప్లై చేశాను. ఒక పేజీ రెజ్యుమె, మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్, కవర్ లెటర్, అడిగినచోట రైటింగ్ క్లాసులో రాసిన మెమో. నాల్ప్ డైరెక్టరీలో ఏ ఊళ్లో ఏ ఫర్మ్ ఉందో వెతుక్కోవచ్చు.

కవర్ లెటర్ గురించి జనం చెప్పేదంతా వట్టిది. తప్పుల్లేకుండా నాలుగు పేరాలు రాస్తే చాలు, నాదైతే ఎవరూ చదివినట్టు లేదు. ఎలా తెలుసంటారా? నాకు వచ్చిన ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు, వీడియోలో. రాత్రంతా వాళ్ల కేసులు బట్టీపట్టాను. ఇంటర్వ్యూ చేసినాయన నా రెజ్యుమె చివరి లైను చూసి, "తెలుగు క్రాస్‌వర్డ్స్ అని రాశారు, అదేమిటి?" అన్నాడు. మా గళ్ళనుడికట్టులో గడికి ఒక్క అక్షరం, గుణింతాలూ ఒత్తులూ అన్నీ అందులోనే అన్నాను. అర్థం కాలేదాయనకి. కాగితం మీద గళ్లు గీసి ఒక గడిలో 'స్త్రీ' రాసి కెమెరాకి ఆనించాను. "ఇదంతా ఒక అక్షరమా?" అని ముందుకి వంగాడు. తన పేరు రాయమన్నాడు. ఇంగ్లీషులో పదకొండు అక్షరాల పేరు నాలుగు గళ్లలో సర్దుకుంది. ఆయన దాన్ని చూసి బొమ్మ వేసినట్టు తనూ రాయబోయాడు, క్రావడి పక్కకి ఒరిగింది. తీరా చూస్తే మిగిలింది అయిదు నిమిషాలు. కేసుల మాటే రాలేదు. రెండ్రోజులకి రెండో రౌండుకి పిలిచారు. 2023 వేసవి అక్కడే చేశాను.

అందుకని రెజ్యుమెలో ఆ చివరి లైను నిజమైనదిగా పెట్టమనండి. 'పుస్తకాలు, ప్రయాణాలు' అని మాత్రం వద్దు, వంద కాగితాల్లోనూ అదే ఉంటుంది.

వీసా సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను. మీ అమ్మాయి ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉంటే వేసవి పనికి కాలేజీ సీపీటీ, అంటే చదువులో భాగంగా పని చేసే అనుమతి, ఇవ్వాలి, అది మామూలుగా ఏడాది చదువు పూర్తయ్యాకే. చదువయ్యాక అదే వీసా మీద పని చేసుకోనిచ్చే ఓపీటీ పన్నెండు నెలలే, ఇంజనీరింగ్ పిల్లలకి వచ్చే 24 నెలల పొడిగింపు జేడీకి (ఇక్కడి లా డిగ్రీకి) లేదు. అప్లికేషన్‌లో "ఇప్పుడు గానీ ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా?" అని, అంటే ఫర్మ్ తరఫున వర్క్ వీసా కావాలా అని అడుగుతారు. భయపడి 'కాదు' అని పెట్టేవాళ్లని చూశాను. ఓపీటీ అయ్యాకైనా కావాలి కదా, 'అవును' అనే పెట్టమనండి.