జ్వరం తగ్గింది కదా, సూదులు ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా అత్తమ్మకు 62 ఏళ్లు, చాలా ఏళ్ల నుంచి షుగర్ ఉంది. పోయిన వారం చలి పెట్టి జ్వరం వచ్చింది. కుడి పక్క నడుము నొప్పి, మూత్రంలో మంట కూడా ఉన్నాయి. నల్గొండలో చూపిస్తే కిడ్నీకి ఇన్ఫెక్షన్ ఎక్కిందని రెండు రోజులు అడ్మిట్ చేసుకున్నారు. సెఫ్ట్రియాక్సోన్-సల్బాక్టమ్ 1.5 గ్రాముల సూది పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున 7 రోజులు రాశారు. చేతికి పెట్టిన క్యాన్యులా (సూది మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం) అట్లనే ఉంచి, మిగతా సూదులు ఊళ్లోనే వేయించుకోమన్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ వేస్తున్నాడు. ఇప్పుడు జ్వరం లేదు. ఆపేయొచ్చా? ఎప్పుడో ఆమెకు పెన్సిలిన్ పడలేదట. ప్రతిసారీ టెస్ట్ డోస్ వేయాలా? కాల్షియం మాత్రలు వాడుతుంది, సాయంత్రం కాస్త కల్లు తాగే అలవాటుంది. ఇబ్బందేమైనా ఉందా? సూదులు మిగిలితే మా మామ దగ్గుకు వేయించొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఆపకండి. జ్వరం దిగిందంటే మందు పట్టిందని అర్థం, అది మంచి కబురే. కానీ ఒంట్లో వేడి తగ్గినంత తొందరగా కిడ్నీలో ఉన్న బ్యాక్టీరియా పోదు. షుగర్ ఉన్నవాళ్లు మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. కొందరిలో కిడ్నీ చుట్టూ చీము పడుతుంది. మీ డాక్టర్ రాసిన 7 రోజులు ఇలాంటి ఇన్ఫెక్షన్‌కు సరైన లెక్కే.

అయితే ఆ 7 రోజులూ సూదే ఉండాలని లేదు. జ్వరం పోయి ఒకటి రెండు రోజులు గడిచి, అన్నం తింటూ, వాంతులు లేకుండా ఉంటే చాలామందికి మిగిలిన రోజులకు మాత్రలు సరిపోతాయి. ఏ మాత్ర అన్నది యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) రిపోర్ట్ చూసి రాయాలి. మొదటి సూదికి ముందు మూత్రం కల్చర్‌కు పంపారా అని నల్గొండ డాక్టర్‌కు ఈ రోజే ఫోన్ చేసి అడగండి. పంపి ఉంటే ఈపాటికి రిపోర్ట్ వచ్చి ఉండాలి, మామూలుగా రెండు మూడు రోజుల్లో వస్తుంది. పంపకపోతే ఇప్పుడు పంపినా అంత ఉపయోగం ఉండదు, ఇన్ని సూదులు పడ్డాక సీసాలో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. సూది మొదలుపెట్టే కంగారులో చాలాచోట్ల వదిలేసేది ఈ ఒక్క పరీక్షనే.

రిపోర్ట్‌లో ‘ఈఎస్‌బీఎల్’ అని ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఎందుకో తెలియాలంటే ఈ మందులో రెండు పేర్లు ఎందుకున్నాయో తెలియాలి. బ్యాక్టీరియాను చంపేది సెఫ్ట్రియాక్సోన్. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను కొన్ని బ్యాక్టీరియాలు తయారు చేసుకుంటాయి. సల్బాక్టమ్ పోయి ఆ ఎంజైమ్‌కు అతుక్కుంటుంది. వాకిట్లో కుక్కను ఒకరు పట్టుకుంటే ఇంకొకరు లోపలికి పోయినట్టన్నమాట. 1.5 గ్రాముల వయల్‌లో, అంటే మందు పొడి ఉండే చిన్న సీసాలో, సెఫ్ట్రియాక్సోన్ ఒక గ్రాము, సల్బాక్టమ్ అర గ్రాము ఉంటాయి. కానీ ఈఎస్‌బీఎల్ రకం ఎంజైమ్‌లను సల్బాక్టమ్ అన్నిసార్లూ ఆపలేదు. అలాంటి బ్యాక్టీరియా వల్ల జబ్బు తీవ్రంగా ఉంటే వేరే యాంటీబయాటిక్‌కు మారుస్తారు. అందుకే ‘కాంబినేషన్ కాబట్టి పవర్ ఎక్కువ’ అనే లెక్క నాకు నచ్చదు. సెఫ్ట్రియాక్సోన్ ఒక్కటే సరిపోయే చోట కూడా అలవాటు కొద్దీ రెండు కలిపినది రాసేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సెఫ్ట్రియాక్సోన్‌నే ‘వాచ్’ వర్గంలో, అంటే చూసి చూసి వాడాల్సిన మందుల్లో పెట్టింది.

ఇంకో సంగతి. సెఫ్ట్రియాక్సోన్ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది, సగానికి తగ్గడానికే 6 నుంచి 9 గంటలు పడుతుంది. అందుకే ఒంటరిగా ఇచ్చినప్పుడు చాలా జబ్బులకు రోజుకు ఒక్కసారి చాలు. సల్బాక్టమ్ మాత్రం గంటకే సగమైపోతుంది. రెండు కలిసినదాన్ని రెండు పూటలు వేయడానికి ఇదొక కారణం. కల్చర్‌లో మామూలు సెఫ్ట్రియాక్సోన్‌కే లొంగుతుందని వస్తే, మిగిలిన రోజులు పొద్దున ఒక్క పూట వేస్తే సరిపోతుందా అని అడగండి. అప్పుడు ఊళ్లో సాయంత్రం సూది ఎవరు వేస్తారన్న టెన్షన్ కూడా ఉండదు.

ఇక పెన్సిలిన్ సంగతి. ‘పడలేదు’ అంటే ఏమైందో మీ అత్తమ్మను కూర్చోబెట్టి అడగండి. కళ్లు తిరిగాయా, వాంతయిందా, ఒళ్లంతా దద్దుర్లు లేచాయా, మొహం ఉబ్బి ఊపిరి ఆడలేదా? సూది నొప్పికి కళ్లు తిరిగినా ‘పడలేదు’ అనే అంటారు మన దగ్గర. మొదటి రెండూ అలర్జీ కాకపోవచ్చు. చివరి రెండింటిలో ఏది జరిగి ఉన్నా ఆ మాట ప్రతి డాక్టర్‌కూ చెప్పి చీటీ మీద రాయించుకోవాలి. పెన్సిలిన్ పడనివాళ్లలో చాలా కొద్దిమందికే సెఫ్ట్రియాక్సోన్ పడదు. రెండూ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవే అయినా వాటి నిర్మాణంలో తేడా ఉంది. పైగా మీ అత్తమ్మకు ఇప్పటికే ఎన్నో సూదులు పడ్డాయి, ఏమీ కాలేదు. అది ధైర్యాన్నిచ్చే విషయమే. అలాగని అసలు రాదని హామీ ఇవ్వలేం.

ప్రతిసారీ టెస్ట్ డోస్ అక్కర్లేదు. చర్మం కింద చుక్క వేసి చూసే ఆ పరీక్ష మీద మనవాళ్లకు నమ్మకం ఎక్కువ, నాకు తక్కువ. అది బాగానే ఉన్నా అసలు సూదికి రియాక్షన్ వచ్చినవాళ్లున్నారు. అక్కడ ఎర్రబడినా ఏమీ కానివాళ్లూ ఉన్నారు. అంతకంటే నాకు కావాల్సింది సూది వేసేవాళ్ల పక్కన అడ్రినలిన్ ఆంప్యూల్, దాన్ని వాడటం వచ్చిన మనిషి. తీవ్రమైన అలర్జీ వస్తే పెద్దవాళ్లకు అర మిల్లీలీటర్ అడ్రినలిన్‌ను తొడ బయటి వైపు కండలో వెంటనే వేయాలి. డెక్సా, ఏవిల్ సూదులు వేసి చూస్తూ కూర్చుంటే సమయం చేజారిపోతుంది. సూది పడ్డాక అరగంట ఆమెను ఒంటరిగా వదలకండి. దురద, దద్దుర్లు, పెదాలు వాయడం, గొంతు పట్టేసినట్టుండటం, ఆయాసం, చెమటలు పట్టి తల తిరగడం, వీటిలో ఏది కనిపించినా సూది ఆపించి 108కి ఫోన్ చేయండి. కళ్లు తిరుగుతుంటే పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, లేపి నడిపించకండి.

ఇక్కడే మీ ఊరి ఆర్‌ఎంపీ గురించి ఒక మాట. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చే మనిషి ఆయనే అని నాకు తెలుసు, తక్కువ చేయడం లేదు. కానీ నరానికి వేసే యాంటీబయాటిక్ ఇంట్లో మంచం మీద వేయాల్సినది కాదు. మీ దగ్గరి ప్రైమరీ హెల్త్ సెంటర్‌లోనో, దేవరకొండ ప్రభుత్వ ఆసుపత్రిలోనో డిశ్చార్జ్ చీటీ చూపించి నర్సు చేత వేయించుకోండి. పొద్దుటి సూది వరకైనా అట్లా చేయండి.

ఎవరు వేసినా మీరు పక్కనుండి చూడాల్సినవి కొన్నున్నాయి. వయల్‌లో పొడిని కలిపేది స్టెరైల్ వాటర్‌తోనా, లిగ్నోకెయిన్‌తోనా అని చూడండి. పిర్రకు వేసేటప్పుడు నొప్పి తెలియకుండా లిగ్నోకెయిన్‌తో కలుపుతారు. అలా కలిపినది నరంలోకి పోకూడదు, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మీ అత్తమ్మకు క్యాన్యులా నుంచి నరానికే కాబట్టి లిగ్నోకెయిన్ మాటే రావద్దు. నరానికి వేసేటప్పుడు ఒక్కసారిగా తోసేయకుండా ఐదు నిమిషాలు నెమ్మదిగా ఇవ్వాలి, లేదా 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో కలిపి అరగంట ఎక్కించాలి. నీరసంగా ఉందని ‘ఒక బాటిల్ ఎక్కించు’ అని మనమే అడుగుతాం కదా, అది ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) బాటిల్ అయితే దానిలో గానీ, అది పోతున్న పైపులో గానీ ఈ మందు కలపకూడదు. ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంటుంది. సెఫ్ట్రియాక్సోన్ దానితో కలిస్తే సన్నని పలుకులుగా గడ్డకడుతుంది. పుట్టిన నెల లోపు పసికందుల్లో దీని వల్ల ప్రాణాలే పోయాయి. వేసుకునే కాల్షియం మాత్రలకు ఈ గొడవ లేదు, కడుపులోకి పోయేది వేరు. ఆమె మాత్రలు మానాల్సిన పని లేదు.

కలిపిన మందు వెంటనే వాడేయాలి. సగం వేసి సగం సాయంత్రానికి దాచడం కుదరదు. కలిపాక లేత పసుపు రంగులో ఉండటం మామూలే, మబ్బుగా ఉన్నా, పలుకులు తేలినా పారేయండి. కలపని వయల్స్‌ను కూడా లేబుల్ మీద రాసిన చల్లదనంలో ఉంచాలి, ఎక్కువ వాటి మీద 25 డిగ్రీలు దాటొద్దని ఉంటుంది. మే నెల నల్గొండ ఎండలో స్కూటర్ డిక్కీలో గంటల కొద్దీ పెట్టి తెచ్చిన మందును నేనైతే నమ్మను. క్యాన్యులా చుట్టూ ఎర్రబడినా, వాచినా, నొక్కితే నొప్పి పుట్టినా తీయించేయండి. ఏ ఇబ్బందీ లేకున్నా మూడు నాలుగు రోజులు దాటిందంటే ఒకసారి నర్సుకు చూపించాల్సిందే.

కల్లు. ముందు వయల్ మీద పేరు ఇంకోసారి చదవండి. సెఫ్ట్రియాక్సోన్-సల్బాక్టమ్ అయితే కల్లుతో పెద్ద రియాక్షన్ సాధారణంగా రాదు. కానీ సెఫోపెరజోన్-సల్బాక్టమ్ అని ఇంకో సూది ఉంది. డబ్బా, పేరు దగ్గర దగ్గరగా ఉంటాయి, షాపులో ఒకటి లేదని ఇంకొకటి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. దాని మీద కల్లు గానీ, ఇంకే మద్యం గానీ తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోవచ్చు. సూది ఆపిన 5 రోజుల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. ఏదైనా సరే, కిడ్నీ ఇన్ఫెక్షన్, షుగర్ ఉన్న మనిషి ఈ వారం కల్లుకు దూరంగా ఉండటమే మేలు. కానీ ఒకటి గమనించండి. మహబూబ్‌నగర్, నల్గొండ వైపు కొన్నిచోట్ల కల్లులో మత్తు మాత్రల పొడి కలుపుతారు. రోజూ అది తాగే మనిషి ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజులకు చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చి పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ కూడా రావచ్చు. వార్డులో ఇలాంటివాళ్లను చూసి ఇంట్లోవాళ్లు ‘సూది పడలేదు’ అని గొడవ చేయడం మాకు కొత్త కాదు. మీ అత్తమ్మ అడ్మిట్ అయినప్పుడు ఈ అలవాటు చెప్పకపోయి ఉంటే ఇప్పుడైనా డాక్టర్‌కు చెప్పండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఫోన్ చేసినప్పుడే క్రియాటినిన్ (కిడ్నీ పనితనం తెలిపే రక్త పరీక్ష) ఎంతుందో కూడా అడగండి. కిడ్నీ పనితనం బాగా తగ్గి ఉంటే సల్బాక్టమ్ బయటికి పోక ఒంట్లో పేరుకుంటుంది, మోతాదు మార్చాల్సి రావచ్చు. గుండె జబ్బుకు రక్తం పలుచబడే అసిట్రోమ్ లాంటి మాత్ర వాడుతుంటే అదీ చెప్పాలి. యాంటీబయాటిక్‌తో కలిసి రక్తం మరీ పలుచనై చిగుళ్ల నుంచో, మూత్రంలోనో రక్తం కనిపించవచ్చు. ఒకటి రెండు పల్చటి విరేచనాలు అయితే కంగారు లేదు. రోజుకు చాలాసార్లు అవుతూ కడుపునొప్పి, రక్తం, జ్వరం ఉంటే విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కోర్సు అయిపోయిన నెల తర్వాత మొదలైనా ఈ సూదే కారణం కావచ్చు, అప్పటికి ఎవరికీ గుర్తుండదు. జ్వరం మళ్లీ వస్తే, మూత్రం తగ్గితే, మనిషి మగతగా ఉంటే మాత్రం పొద్దుటి దాకా ఆగకుండా నల్గొండకు బయల్దేరండి. రాత్రి పూట అయితే 108.

మీ మామకు మాత్రం వద్దు. దగ్గుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, ఈ సూది వాటిని ఏమీ చేయలేదు. రెండు వారాలు దాటిన దగ్గయితే కళ్లె పరీక్ష చేయించాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్ష ఉచితం. వానాకాలంలో జ్వరం కూడా ఉంటే ఇంకా జాగ్రత్త. అది డెంగీ అయి ప్లేట్‌లెట్స్ పడి ఉంటే పిర్ర మీద వేసిన సూది చోట రక్తం గడ్డకట్టి వాస్తుంది. సెఫ్ట్రియాక్సోన్ 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది. షాపువాళ్లు డాక్టర్ చీటీ చూసి, పేషెంట్ పేరు రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వాల్సిన మందు అది. మీ అత్తమ్మను మాత్రలకు మార్చి వయల్స్ మిగిలితే బిల్లుతో సహా కొన్న షాపుకే తీసుకెళ్లి వాపసు అడగండి. వాళ్లు తీసుకోకపోతే ఇంట్లో ఉంచకుండా ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో ఇచ్చేయండి.