పదేళ్లు కదలని పద్మిని ఇంజిన్: ఇంట్లో విప్పొచ్చా?

ప్రశ్న: నమస్కారమండి. మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని పదేళ్లుగా కొబ్బరితోటలో షెడ్డు కింద ఉండిపోయింది. మొన్న కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే టక్‌మంది తప్ప ఇంజిన్ తిరగలేదు. అమ్మేయమంటున్నారు, నాకు మనసొప్పట్లేదు. నేనే ఇంట్లో విప్పి, రంగులేసి, కొత్తదానిలా చేసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, రాజోలు దగ్గర

జవాబు: అమ్మకండి. ముందు సెల్ఫ్ కొట్టడం మాత్రం ఆపేయండి, పట్టేసిన ఇంజిన్‌ని బలవంతంగా తిప్పితే పిస్టన్ రింగులు విరిగి బోరు (సిలిండర్ లోపలి గోడ) గీసుకుపోతుంది. నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్లో కాస్త డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి వారం వదిలేయండి, మధ్యమధ్యలో ఇంకాస్త పోయండి. తర్వాత టాప్ గేర్లో పెట్టి ఇద్దరు మనుషులు బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపితే చాలాసార్లు వదిలేస్తుంది. వదలకపోతే హెడ్ (సిలిండర్ల మీది మూత) దించాలి.

మీ 1089 సీసీ ఇంజిన్‌కి బ్లాకు ఇనుము, హెడ్ అల్యూమినియం. అందుకే జిడ్డు పోతుందని ఎవరైనా కాస్టిక్ సోడా నీళ్లలో వేయమంటే హెడ్‌ని అందులో వేయకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది. కిరోసిను, బ్రష్షు, ఓపిక చాలు. హెడ్ నట్లు చివర్ల నుంచి మధ్యకి కొంచెం కొంచెంగా వదులు చేయాలి, బిగించేటప్పుడు మధ్య నుంచి చివర్లకి. వాల్వుల్ని తెరిచే పుష్ రాడ్లు అట్టముక్కకి చిల్లులు పెట్టి వరసగా గుచ్చుకోండి, క్రాంకుని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) పట్టి ఉంచే బేరింగ్ క్యాపులకి విప్పకముందే నంబరు, ఎటువైపు ఉండాలో గుర్తు కొట్టుకోండి. ఈ క్యాపులు ఒకదాని చోట ఒకటి పెడితే క్రాంకు పాడవుతుంది.

బోరు కొలత, రీబోరింగ్ (బోరుని కోసి కాస్త పెద్దది చేయడం), క్రాంకు గ్రైండింగ్ ఇంట్లో అయ్యేవి కావు, బ్లాకు లేత్ షాపుకి వెళ్లాల్సిందే. కొలిచాకే పిస్టన్లు కొనండి, ముందే కొంటే సైజు కుదరక డబ్బులు పోతాయి. తిరిగొచ్చిన బ్లాకుని పెట్రోల్‌తో తుడిచి ఊరుకోవద్దు, హోనింగ్ (బోరు లోపల రాళ్లతో రుద్దడం) రజను పోదు. వేడి సబ్బునీళ్లతో రుద్ది, తెల్ల గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరగానే బోర్లకి ఆయిల్ రాయండి. మన డెల్టా గాలి సంగతి మీకు తెలిసిందే. నేను ఓ వానాకాలం సాయంత్రం కడిగిన బ్లాకుని పొద్దున రాద్దాంలే అని వదిలేస్తే, తెల్లారేసరికి లోపలంతా ఎర్రటి తుప్పు, మళ్లీ హోనింగ్ చేయించాల్సి వచ్చింది. కుదిరితే పుష్యం, మాఘంలో పెట్టుకోండి ఈ పని.

రంగు అన్నిటికన్నా ఆఖరున. గ్యాస్కెట్ (భాగాల మధ్య లీకు కాకుండా పెట్టే పొర) కూర్చునే ముఖాలకి టేపు వేసి బ్లాకు బయటివైపు మాత్రమే వేయండి, ఎగ్జాస్ట్ మానిఫోల్డుకి వేడికి తట్టుకునే రంగు కావాలి. హెడ్‌కి రంగెందుకండి, శుభ్రం చేసిన అల్యూమినియమే అందం.

రేడియేటర్లో మీ వైపు ఉప్పగా ఉండే బోరు నీళ్లు పోయకండి, డిస్టిల్డ్ వాటరు, కూలెంటు వాడండి. మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా సెల్ఫ్‌తో తిప్పి, అప్పుడు ప్లగ్గులు బిగించండి.