ఎయిర్ ఫోర్స్ పైలట్ అయితే పిల్లలు, ప్రమోషన్లు రెండూ కుదురుతాయా?

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఎయిర్ ఫోర్స్‌లో పైలట్ అవ్వాలని ఉంది. "పెళ్లయి పిల్లలు పుట్టాక ఎగరనిస్తారా? పైకి రానిస్తారా?" అని అమ్మ అడుగుతోంది. ఏం చెప్పాలి?

జవాబు:

మీ అమ్మగారు అడిగింది రెండు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు తేలిక: ఎగరనిస్తారు. షార్ట్ సర్వీస్ కమిషన్‌లో, అంటే పరిమిత కాలపు అధికారిగా, 14 ఏళ్లు హెలికాప్టర్లు నడిపాను, అందులో సగం కాలం ఒక పాపకి తల్లిగా. రెండో ప్రశ్నలోనే మెలిక ఉంది.

గర్భం అని తేలిన రోజే ఫ్లయింగ్ ఆపేస్తారు. అక్కణ్ణుంచి ఆఫీసు పనే. నేను ఆపరేషన్స్ గదిలో ఫోన్లు ఎత్తాను, ఫైళ్లు సర్దాను, కిటికీలోంచి వేరేవాళ్ల టేకాఫ్‌లు చూశాను. కాన్పుకి 180 రోజుల సెలవు ఇస్తారు. అది అయ్యాక మెడికల్ బోర్డు మళ్లీ ఫిట్ అని రాయాలి. ఆ పైన గ్రౌండ్ ట్రైనింగ్, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని డ్యూయల్ సార్టీలు (సార్టీ అంటే ఒకసారి ఎగిరి రావడం). అన్నీ కలిపి కాక్‌పిట్‌కి నేను 14 నెలలు దూరమయ్యాను.

తిరిగొచ్చాక మొదటి సార్టీ సంగతి చెప్తాను. చేతక్ హెలికాప్టర్‌ని పదడుగుల ఎత్తులో కదలకుండా నిలపాలి, అంటే హోవర్. హకీంపేటలో కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే పని. కలెక్టివ్, అంటే పైకి లేపే లివర్, లేపానో లేదో ముక్కు పక్కకి తిరిగింది. ముక్కుని నిలిపే పెడల్ ఆలస్యంగా తొక్కాను. దాన్ని సరిచేయబోయి సైక్లిక్‌ని, అంటే అటూ ఇటూ వంచే కర్రని, అవసరానికి మించి కదిపాను. హెలికాప్టర్ తాగినవాడిలా తూలింది. ఇన్‌స్ట్రక్టర్ కాసేపు ఓపిక పట్టి "ఐ హ్యావ్ కంట్రోల్స్" అన్నారు. వందల గంటలు ఎగిరినదానికి ఆ మాట వినడం ఎలా ఉంటుందో రాయలేను. దిగాక టీ తాగుతూ, "చూపు దగ్గర పెడుతున్నావు" అన్నారు, అంతే. హోవర్‌లో మొదటి పాఠమే అది. కాళ్ల ముందున్న గడ్డిని చూడకూడదు, దూరంగా ఉన్న హ్యాంగర్ మూలనో చెట్టునో చూడాలి. బుర్రకి గుర్తుంది, ఒళ్లు మరిచిపోయింది. నాలుగో సార్టీకి ఒంటికీ గుర్తొచ్చింది.

అసలు టెన్షన్ వేరేది. బ్రీఫింగ్, సార్టీ, డీబ్రీఫ్ కలిపి నాలుగు గంటల పైనే పట్టేది. పాప ఇంకా పాలు తాగుతోంది. హార్నెస్ బిగిస్తే ఛాతీ సలిపేది. యూనిట్‌లో ఆడవాళ్లకంటూ గది లేదు. మన ఎయిర్ ఫోర్స్‌లో మొదటి మహిళా పైలట్ల బ్యాచ్ బయటికొచ్చిందే 1994లో, ఆ కట్టడాలు అంతకు ముందువి. మ్యాపులు పెట్టే స్టోర్‌కి లోపలి గడియ ఉందని కనిపెట్టి, అక్కడ నిలబడే పాలు పిండుకునేదాన్ని. రెండు నెలలు అలా గడిచింది. యూనిట్‌లోవాళ్లకి తట్టలేదు, నేను అడగలేదు. అడిగాక వారంలో గది దొరికింది. మీరు మొదటి రోజే అడగండి.

ఇక పైకి రావడం. నన్ను ఎవరూ అడ్డుకోలేదు. కానీ నేను నేల మీద ఉన్నన్నాళ్లూ నా బ్యాచ్‌మేట్ల లాగ్‌బుక్‌లు నిండుతూనే ఉన్నాయి. కెప్టెన్‌గా అనుమతి, పై కేటగిరీ, తాంబరంలో ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, ఫ్లైట్ కమాండర్ పదవి (యూనిట్‌లో కమాండర్ తర్వాతి స్థానం), ఇవన్నీ ఎగిరిన గంటల మీద ఆధారపడిన మెట్లు. ఎవరి తప్పూ లేకుండానే వెనకబడతాం. దీన్ని అన్యాయమనాలో లెక్క అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఫైటర్లలో ఈ లెక్క ఇంకా బిగువు. 2016 జూన్‌లో దుండిగల్‌లో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా కమిషన్ పొందినప్పుడు, నాలుగేళ్ల పాటు తల్లి కావద్దని వాళ్లకి సలహా ఇచ్చారని పేపర్లలో వచ్చింది. చదివి మండిపడ్డాను. పెళ్లైన మగ పైలట్‌కి తండ్రి కావద్దని ఎవరైనా చెప్తారా? కానీ భావన పగటిపూట యుద్ధ విధులకు అర్హత పొందింది 2019 మేలో. అంటే దాదాపు మూడేళ్లు. మధ్యలో ఏడాది తెగితే ట్రైనింగ్ చాలావరకు మొదటికొస్తుంది. చెప్పిన తీరు నాకు నచ్చలేదు గానీ లెక్క మాత్రం తప్పు కాదు.

ఇంకో లెక్క చాలామందికి తట్టదు. కమాండ్ దాకా వెళ్లాలంటే 14 ఏళ్లు చాలవు. షార్ట్ సర్వీస్ అక్కడితో అయిపోతుంది, పెన్షన్ కూడా ఉండదు. 2010లో ఢిల్లీ హైకోర్టు పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యే వయసు దాకా సర్వీసు) విషయంలో మహిళా అధికారుల వైపు తీర్పిచ్చాకే ఆ దారి తెరుచుకుంది. గ్రూప్ కెప్టెన్ షాలిజా ధామీని చూడండి. 2003లో హెలికాప్టర్ పైలట్‌గా చేరారు, ఒక బాబుకి తల్లి. 2019లో హిండన్‌లో ఫ్లైట్ కమాండర్, 2023లో పశ్చిమ సెక్టార్‌లో ఒక మిసైల్ స్క్వాడ్రన్ కమాండ్. ఇరవై ఏళ్ల ప్రయాణం. మీకు పై పదవి కావాలంటే పర్మనెంట్ కమిషన్ మీద మొదటి నుంచీ కన్నేసి ఉంచండి.

నా వరకు నాయకత్వం అంటే ఒక చిన్న సంగతి. పాపకి పళ్లొస్తున్న రోజులు, రాత్రంతా జాగారం. పొద్దున్నే ప్రీ-ఫ్లైట్ మెడికల్‌లో బీపీ, పల్స్ బాగానే ఉన్నాయి. అయినా ఫ్లైట్ కమాండర్ దగ్గరికెళ్లి "ఇవాళ్టి ప్రోగ్రామ్‌లోంచి నన్ను తీసేయండి సర్, నిద్ర లేదు" అన్నాను. తల్లి కాబట్టి సాకులు చెప్తోందనుకుంటారని గొంతు తడారింది. ఆయన మాట్లాడకుండా బోర్డు మీద పేరు తుడిచారు. నెల తిరగకుండానే, ఇంట్లో పసిబిడ్డ ఉన్న ఒక కుర్ర ఫ్లైట్ లెఫ్టినెంట్ అదే మాట అన్నాడు. అంతకుముందు ఆ యూనిట్‌లో మగవాళ్లెవరూ అలా చెప్పడం నేను వినలేదు. తర్వాత ఎవరు ఎప్పుడు ఎగరాలో ప్రోగ్రామ్ రాసే పని నా చేతికొచ్చినప్పుడు, వాతావరణం కంటే ముందు "రాత్రి ఎంతసేపు పడుకున్నావ్?" అని అడిగేదాన్ని. మొదట్లో నవ్వేవాళ్లు.

బయటికొచ్చాక ఉద్యోగం సంగతి క్లుప్తంగా. ట్రాన్స్‌పోర్ట్ విమానాలు నడిపినవాళ్లకి ఎయిర్‌లైన్స్ దారి సులువు. హెలికాప్టర్ గంటలు అక్కడ పెద్దగా పనికి రావు. నేను సముద్రంలో చమురు రిగ్గులకి సిబ్బందిని చేరవేసే హెలికాప్టర్లకి మారాను. పౌర విమానయాన లైసెన్సులిచ్చే డీజీసీఏ పరీక్షలు సర్వీసులో ఉండగానే రాసేయండి, బయటికొచ్చాక చదవాలంటే బద్ధకం. ఏ స్ట్రీమ్ (ఫైటర్లా, ట్రాన్స్‌పోర్టా, హెలికాప్టర్లా) అన్నది మీ కోరిక ఒక్కదాని మీదే ఉండదు, ట్రైనింగ్‌లో మెరిట్ కూడా చూస్తారు.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఏఎఫ్‌క్యాట్, అంటే ఎయిర్ ఫోర్స్ అధికారుల ప్రవేశ పరీక్ష, రాయడం. ఫ్లయింగ్ బ్రాంచికి వయసు 20 నుంచి 24, కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉంటే 26 దాకా. ట్రైనింగ్‌లో పెళ్లి కుదరదు కాబట్టి సంబంధాల గొడవ కొన్నాళ్లు ఉండదు, అది లాభమే.

మీ అమ్మగారితో ఒక మాట చెప్పండి. మా పాపని మొదటి రెండేళ్లు పెంచింది మా అమ్మ. తెలుగు తప్ప ఏదీ రాని మనిషి నా వెంట రెండు పోస్టింగులు తిరిగి, పాలవాడితో హిందీలో పోట్లాడటం దాకా నేర్చుకుంది. ఎగరనిస్తారా అని మీ అమ్మగారు ఈసారి అడిగితే, నాతో వచ్చి ఉంటావా అని మీరూ అడిగి చూడండి.